కదిలే బస్సు పక్కన

అన్ని కొట్లలోలాగే బస్టాండులోని మా పులిహోర కొట్టులోనూ తనిఖీ యంత్రం ఉంది. కొట్టు కోసం మేం రాసుకున్న లక్ష్యానికీ రోజూ చేసే పనికీ పొంతన చూస్తుంది.

"సీతారత్నంగారు బస్సుల పక్కన ఊరికే నిలబడుతున్నారు. రేపటి నుంచి లోపల పొట్లాలు కట్టాలి," అంది యంత్రం.

సీతారత్నం అంటే నేనే.

"దాని మాటే చెల్లుతుంది అత్తయ్యా," అంది కోడలు హైమ.

"మన లక్ష్యమేమిటో చదువు," అన్నాను యంత్రంతో.

"ఆకలితో ఎవరూ ఈ ఊరు దాటకూడదు."

"బస్సెక్కేదాకా ప్రయాణికులకి వీడ్కోళ్లతోనే సరిపోతుంది. కదిలాకే ఆకలి గుర్తొచ్చి కిటికీలోంచి చెయ్యి చాస్తారు. డ్రైవరు లేకుండా తనంతట తానే నడిచే బస్సు, ఎవరు పిలిచినా ఆగదు కదా! ఆ చేతికి పొట్లం అందించేది నేనే," అన్నాను.

యంత్రం మాట మార్చుకుంది. "కిటికీలు నాకు కనబడవు. అక్కడ ఇద్దరుండాలి. హైమగారు కూడా వెళ్లాలి."

"పరిగెత్తాలా అత్తయ్యా?" అంది హైమ.

"బస్సు మలుపు తిరిగేదాకా," అన్నాను.