మంగళవారం బెంచీ మీది మనిషి

రాధమ్మకు రక్తం ఎక్కించకుండా డాక్టర్లే చంపారు. ఇందులో భిక్షపతికి రెండో మాట లేదు.

అతని భార్య నాలుగేళ్లు నీరసం, నీరసం అంటూనే పోయింది. రక్తం ఎక్కించండని అతను కాళ్లు పట్టుకుంటే, "రక్తం బాగానే ఉంది, లివర్ చెడింది" అన్నారు. కల్లు చుక్క ముట్టని మనిషికి లివర్ ఎట్లా చెడుతుంది?

ఇప్పుడు కొడుకు సంతోష్ కూడా నీరసమే అంటున్నాడు. ముప్పై ఆరేళ్లవాడు, వరికోత మిషన్ నడిపేవాడు, స్టీరింగ్ పట్టలేక మధ్యలోనే దిగిపోతున్నాడు. ఒంటి రంగు బూడిద తిరిగింది. షుగర్ వచ్చింది.

ఈసారి భిక్షపతి డాక్టర్లను నమ్ముకోలేదు. పొద్దున, మాపున రెండేసి మూతల రక్తం టానిక్. వారానికి రెండుసార్లు మేక కార్జం. పైన నిమ్మకాయ నీళ్లు. రాధమ్మకు చేసినట్టే, దగ్గరుండి.

షుగర్ డాక్టరమ్మ చూసేది మంగళవారం. కొడుకును బెజ్జంకి నుంచి సిద్దిపేట పెద్ద దవాఖానకు తీసుకొచ్చాడు.

వరండాలో బెంచీ మీద తెల్లగడ్డం ముసలాయన ఒకడు కూర్చున్నాడు. చేతిలో చీటీ లేదు, పక్కన రోగి లేడు. వచ్చేపోయేవాళ్ల ముఖాల్లోకి గుచ్చి గుచ్చి చూస్తున్నాడు. ఎదురుగా బ్లడ్ బ్యాంక్ గది.

రక్తం బ్రోకర్ అని భిక్షపతి తీర్మానించుకుని, వేరే చోటు లేక కొడుకును అదే బెంచీ మీద కూర్చోబెట్టి చీటీ వరుసలో నిలబడ్డాడు.

"బేటా, చెయ్యి చూపియ్యి," అన్నాడు ముసలాయన.

"ఏంది తాతా, జాతకం చెప్తవా?" అని నవ్వుతూ సంతోష్ చెయ్యి చాపాడు.

ముసలాయన చూపుడువేలు, నడిమివేలు మొదళ్ల దగ్గర నొక్కాడు.

"అవ్వో!"

"తాగుతవా?"

"మిషన్ పని గదా. సీజన్ల రోజూ రెండు బీర్లు పడుతయి."

"సంచిల గా సీసా ఏంది?"

"రక్తం టానిక్. మా బాపు పోస్తడు."

ముసలాయన సీసా తీసి, మూత విప్పి, కిటికీలోంచి బయటికి ఒంపేశాడు.

భిక్షపతి వరుస వదిలి ఉరికొచ్చి గల్లా పట్టుకున్నాడు.

"నీ అయ్య సొమ్మారా? మా ఇంటామె రక్తం లేక సచ్చింది. పోరని నోటికాడిది పారబోస్తవా? నీ బేరం కోసమా?"

"కొట్టు భాయ్, కొట్టు. కొట్టినంక ఒక్క పని చెయ్యి. డాక్టరమ్మను ఫెర్రిటిన్ పరీక్ష రాయమను."

భిక్షపతి నిజంగానే కొట్టాడు.

ముసలాయన చెంప తడుముకుంటూనే ఆ పేరు కాగితం ముక్క మీద రాసి సంతోష్ జేబులో పెట్టాడు.

సంతోష్ ఆ కాగితం చూపిస్తే షుగర్ డాక్టరమ్మ స్నిగ్ధ పరీక్ష రాసి, రిపోర్టుకు శుక్రవారం రమ్మంది. అది చూసి కుర్చీలో ముందుకు జరిగింది.

"మూడు వందలు దాటొద్దు. నీకు నాలుగు వేలుంది సంతోష్. ఒంట్లో ఇనుము పేరుకుపోయింది. షుగర్, వేళ్ల మొదళ్ల నొప్పి దానివల్లే. మీది మేనరికమా పెద్దయ్యా?"

"మా మేనమామ బిడ్డనే చేసుకున్న."

"లోపమున్న జీన్ తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే ఈ జబ్బు. వచ్చినా అందరికీ ఇంత ముదరదు. కొందరికైతే తెలియకుండానే బతుకు వెళ్లిపోతుంది. బీర్లు, టానిక్, కార్జం కలిసి ఇతన్ని తొందరపెట్టాయి. ఆడవాళ్లకు నెలనెలా రక్తం పోతుంది కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. వీళ్లమ్మకు నీరసం ఎప్పుడు మొదలైంది?"

"ముట్లు ఆగినంక."

"ఆమెకూ టానిక్ పోశారా?"

భిక్షపతి గోడ వైపు చూశాడు.

"ఇప్పుడేం చేస్తరు మేడం?" అని సంతోషే అడిగాడు.

"వారానికోసారి రక్తం తీసేస్తాం. అదే మందు. బీరు బంద్, టానిక్ బంద్. లివర్ ఇంకా గట్టిపడలేదు, అదృష్టం. ఇంకో రెండేళ్లు ఆగి వస్తే నా చేతిలో ఏమీ ఉండేది కాదు."

శుక్రవారం శుక్రవారం తీశారు. మొదటి సంచి నిండుతుంటే భిక్షపతి చూడలేక బయటికి పోయి నిలబడ్డాడు. ఇరవయ్యో సంచికి పక్కనే కూర్చుని చాయ్ తాగాడు.

వానాకాలం పంట కోతలకు సంతోష్ మళ్లీ మిషన్ ఎక్కాడు. పొద్దుగూకేదాకా దిగలేదు. గట్టు మీద నిలబడి చూస్తున్న భిక్షపతికి ఎన్నాళ్లకో కడుపు నిండా ఆకలేసింది.

ఆ మంగళవారం ఒక్కడే దవాఖానకు వెళ్లాడు. క్షమించమనడానికి కాదు, అది అతనికి చేతకాదు. చెంప చూపించి, "కొట్టు" అందామనుకున్నాడు.

బెంచీ ఖాళీగా ఉంది.

"గా బ్రోకర్ ఏడి?" అని అటెండర్ నరహరిని అడిగాడు.

"బ్రోకరా? ఎవలు చెప్పిన్రు నీకు? గాయన ఖుతుబుద్దీన్ సాబ్. నెల కింద గుండె ఆగి పోయిండు."

భిక్షపతి ఆ బెంచీ మీదే కూర్చున్నాడు.

"గాయనకూ ఇనుం రోగమేనా?"

"ఏ రోగం లేదు. గీ దవాఖానల ఆయన పేరు మీద చీటీ కూడ లేదు."

"మరి మంగళారం మంగళారం ఎందుకొచ్చెటోడు?"

నరహరి చీపురు గోడకు ఆనించాడు.

"మర్కూక్‌ల ముప్పయ్యేండ్లు ఆర్‌ఎంపీ డాక్టరు చేసిండు. నీరసమన్న కొడుకు మతీన్‌కు ఐరన్ సూదులు తనే ఏసిండు, పోరడు పోయేదాక. గీ ఇనుం రోగమేనని పోయినంక తెలిసింది. గప్పటిసంది దుకాణం బంద్ వెట్టి, గీడ కూసోని కొడుకు అసుంటి చేతుల కోసం దేవులాడెటోడు."

ఇంటికి రాగానే సంతోష్ అడిగాడు. "దొరికిండా బాపు, గా తాత?"

"గాయన ముచ్చట నా ముందర ఇంక తియ్యకు," అన్నాడు భిక్షపతి. తనూ మళ్లీ ఎన్నడూ తీయలేదు.