టువాలు వేసిన చోటు

"మామా, ఆ ముసలాయన మళ్ళీ కూసున్నాడు సూడు" అంది స్వర్ణ.

భార్య మాటకు గిరీష్ చటుక్కున తిరిగాడు. నిజమే. నీలం పట్టా అంచున, చెప్పులు విడిచి, మోకాళ్ళు మడుచుకుని బుద్ధిగా కూర్చున్నాడు ఆ జపాను పెద్దాయన.

టోక్యోలో చెర్రీ పూల పండగ. పార్కులో కాలు పెట్టే సందు లేదు. గిరీష్ ఆఫీసు వాళ్ళు ఇరవై మంది పన్నెండింటికి వస్తారు. కొత్తగా చేరినవాడు పొద్దున్నే పోయి చెట్టు కింద చోటు పట్టి ఉంచాలి. అది అక్కడి ఆనవాయితీ. గిరీష్ చేరి మూడు నెలలే. మేనేజరు మోరీ సారు అతనికి ఒంటరిగా అప్పగించిన మొదటి పని ఇది.

"చోటు పోయిందంటే ఆఫీసులో తలెత్తుకోలేను మే."

"యాల పోతాది? టువాలు యేసినావు గదా."

వేశాడు. ఆరింటికి వచ్చేసరికి పెద్ద చెట్టు కింద పట్టా పరిచే ఉంది. మనిషి లేడు. పుంగనూరు జాతరలో జనం కూర్చోడానికి పట్టాలు పరుస్తారు కదా, ఇక్కడా అంతే అనుకున్నాడు. మదనపల్లె బస్టాండులో కదిలే బస్సు కిటికీలోంచి టువాలు వేసి, కుప్పం దాకా సీటు పట్టిన చెయ్యి అది. భుజం మీది టువాలు తీసి పట్టా నడిమధ్యన వేశాడు.

పది నిమిషాలకు ఈ ముసలాయన వచ్చాడు. టువాలును చూశాడు. గిరీష్‌ను చూశాడు. నడుం వంచి నమస్కారం చేసి ఓ మూల కూర్చున్నాడు. అప్పటినుంచీ ఇదే గోల. గిరీష్ లేపడం, ఆయన లేవడం, కాసేపటికి మళ్ళీ వచ్చి కూర్చోవడం.

"తాతా, ట్వంటీ మెంబర్స్. ఆఫీస్" అన్నాడు గిరీష్, రెండు చేతుల వేళ్ళూ రెండుసార్లు చూపించి.

ముసలాయన మెల్లగా ఏదో చెప్పాడు. గిరీష్‌కు ఒక్క ముక్క తెలియలేదు.

గిరీష్ ఆయన పక్కన బ్యాగు పెట్టాడు. ఆయన జానెడు జరిగాడు. బ్యాగు పక్కన టిఫిను డబ్బా పెట్టాడు. ఇంకో జానెడు. నీళ్ళ సీసా పెట్టేసరికి ముసలాయన గడ్డి మీదికి పోయాడు. పోయి, మళ్ళీ నమస్కారం చేశాడు.

"బస్సులో మాదిరి నూకేసినావే!" నవ్వింది స్వర్ణ.

"నేను యాడ నూకినా? ఆయనే జరిగినాడు."

"మీ ఆఫీసు పెద్ద ఓనరేమో మామా?"

గిరీష్ ముసలాయన వైపు ఇంకోసారి చూశాడు. "ఊరుకో మే!"

పదకొండింటికి ఒక ముసలావిడ, ఇంకో ఆడమనిషి వచ్చి ముసలాయన పక్కన నిలబడ్డారు. చేతిలో గుడ్డ కట్టిన అన్నం డబ్బాలు. కొంతసేపు అటూ ఇటూ చూసి, నిలబడే తిన్నారు.

"పాపం, చోటు దొరకనట్టుండాది."

"పూల పండగంటే తెల్లారేసరికి ఈడుండాల. మన మాదిరి."

పన్నెండింటికి మోరీ సారు అందరితో వచ్చాడు. ముసలాయన ఆయనకు వంగి నమస్కారం చేశాడు. మోరీ సారు ఇంకా కిందికి వంగాడు. గిరీష్ గబగబా మోరీ సారు పక్కకు చేరాడు.

"ఆయన మీకు తెలుసా సార్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"తెలియదు" అన్నాడు మోరీ సారు.

గిరీష్‌కు ఊపిరి వచ్చింది. అందరూ కూర్చున్నారు. తిన్నారు, తాగారు, పాడారు. గాలికి పూరేకులు అన్నంలో రాలాయి. మోరీ సారు గిరీష్ వీపు తట్టి, "ఇంత మంచి చోటు మాకు ఏ ఏడూ దొరకలేదు" అన్నాడు. గిరీష్ స్వర్ణ వైపు చూసి మీసం దువ్వాడు.

మూడింటికి అందరూ లేచి చెప్పులు వేసుకున్నారు. గిరీష్ టువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ముసలాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇంగా పోలేదే! దేనికి కాసుకోనుండాడో" అంది స్వర్ణ.

ముసలాయన దగ్గరికి వచ్చి, రెండుసార్లు వంగి, ఏదో అడిగాడు. మోరీ సారు మొహం పాలిపోయింది.

"ఏమంటున్నాడు సార్?" అన్నాడు గిరీష్.

"మీకందరికీ చోటు సరిపోయిందా అంటున్నాడు. సరిపోయి ఉంటే, తన పట్టా తను మడుచుకుని ఇంటికి పోతాడట."