మేడమీది గది

2001లో సంగతి. అనంతపురంలో ఒటీనోకు గది కరువైంది.

కెన్యా నుంచి వచ్చి మూడేళ్లుగా ఇక్కడే చదువుతున్నాడు. "నిన్ను చూసి మా పిల్లోళ్లు జడుసుకుంటాండారప్పా" అని ఇంటి ఓనరు ఉన్నపళంగా ఖాళీ చేయించాడు. ఆఖరి పరీక్షలు నెత్తిమీదికొచ్చాయి. పాపం, పెట్టె తలకింద పెట్టుకుని రైల్వే స్టేషన్లో పడుకుంటున్నాడు.

లెక్చరర్ దివాకర్‌కు ఒళ్లు మండిపోయింది. జాతి వివక్ష వ్యతిరేక సంఘానికి అధ్యక్షుడాయె, మండదా మరి! టవర్ క్లాక్ దగ్గరికి ఊరేగింపు తీశాడు. సంఘం సభ్యుడు మారెప్ప బ్యానర్ పట్టుకున్నాడు. దివాకర్ మైకు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు వదిలితే కదా!

"తోలు రంగు చూసి ఇల్లు ఇయ్యనోడు మనిషేనా? ఏమప్పా, సిగ్గుండల్లా! మా మేడమీది గది ఖాళీగా ఉండాది. ఈ పిల్లోనికి నేనిస్తాండా!"

చప్పట్లే చప్పట్లు. ఒటీనో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. విలేకరులు ఫొటోలు తీసుకున్నారు.

ఇంటికి రాగానే దివాకర్‌ను తల్లి సుబ్బలక్ష్మమ్మ వంటింట్లోకి లాగింది. అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు.

"వాళ్లు ఏమట్లోళ్లురా?"

"వాళ్ల దేశంలో మన కులాలు లేవుమ్మా."

"ఒకటీ లేదా?"

"ఒకటీ లేదు."

"అట్లయితే ఉండనీలే."

పెద్దమ్మ మనసు కుదుటపడింది. తన చేత్తోనే కాఫీ కలిపి, ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులోనే ఒటీనోకు పోసిచ్చింది. దివాకర్ పొంగిపోయాడు. "మా అమ్మే మారినాక ఊరు మారదా?" అని వెంట వచ్చిన విలేకరితో అన్నాడు. అతను రాసుకున్నాడు కూడా.

ఒటీనో పెట్టె, పుస్తకాలు మేడపైకి మోసింది మారెప్పే. గది చీకటిగా ఉంది. తలుపు వెనకనున్న స్విచ్చి వేసి, కిటికీ దగ్గరికి నడిచాడు.

"ఈ రెక్క కొంచెం పైకెత్తి తోయల్ల. లేకుంటే రాదు. కొళాయి నీళ్లు తెల్లారి ఒక్క గంటే. బకెట్లు ముందే నింపుకో."

"చానా మేలు చేసినావన్నా." మూడేళ్లలో ఒటీనోకు సీమ తెలుగు బాగానే అబ్బింది. "మీ ఇల్లు యాడ?"

మారెప్ప పుస్తకాల కట్ట గూట్లో పెట్టాడు.

"మొన్నటిదాకా ఈ గదే తమ్ముడూ, పెద్దమ్మకు మా కులం తెలిసి సారు ఖాళీ చేయించేదాకా."