గోడ మీది వంతెన

"తాతా, పక్కకు జరుగు. బంక ఆరిపోతోంది," అన్నాడు పోస్టర్లు అంటించే ఆర్చీ.

బర్న్‌టైలండ్ స్టేషన్ గోడకు వీపు ఆనించి నిలబడ్డ ముసలాయన అంగుళం కదల్లేదు. ఆయన భుజాల వెనక రైల్వేవాళ్ళ పోస్టర్. అందులో ఫోర్త్ అనే సముద్రపు పాయ మీద కట్టిన రైలు వంతెన మూడు ఎర్రటి ఉక్కు కొండల్లా లేచి ఉంది. దాని మీద చీమంత రైలు.

"పదిన్నర బండికి ఇన్‌స్పెక్టర్ దిగుతాడు. అప్పటికి ఈ సముద్రస్నానాల పోస్టర్ అక్కడ ఉండకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఉండు. ముందు ఒక మాట చెప్పు. దీన్ని చింపేస్తావా?"

"మా పనిలో చింపడం లేదు. పాతదాని మీదే కొత్తది."

ముసలాయన ఊపిరి పీల్చుకున్నాడు. అయినా జరగలేదు.

టీ కొట్టులోంచి ఎఫీ తల బయటపెట్టి నవ్వింది. "ఆయన జోలికి పోకు ఆర్చీ! నేనీ ఊరు వచ్చి నెలయింది, రోజూ చూస్తున్నా. గంటసేపు దానికేసే చూస్తాడు. కట్టినవాళ్ళలో ఒకడై ఉంటాడు. కన్నబిడ్డ లాంటిది మరి!"

ఆర్చీ ఆ చేతులకేసి చూశాడు. ఒక్కొక్క వేలు మోకులా ఉంది. అతని గొంతు మెత్తబడింది.

"బొమ్మ బాగా కుదిరిందా తాతా?"

"వంతెన వరకూ వంక పెట్టలేం. మేకు కూడా వదల్లేదు. కింద నీళ్ళే, ఖాళీగా వదిలేశాడు."

"నీళ్ళలో ఏముంటుంది?"

ముసలాయన మీసం కొరుక్కున్నాడు. ఏదో అడగబోయి ఆగిపోయాడు.

దూరంగా బండి కూత పెట్టింది. ఆర్చీ నిట్టూర్చి బ్రష్షును బకెట్లో పడేశాడు.

"సరేలే. తిట్లు తినేది నేనేగా! గోడ చెమ్మగా ఉందని చెబుతాను. నీ వంతెనను ముట్టుకోను. తృప్తిగా చూసుకో."

"ముట్టుకోవా?" ముసలాయన ఉలిక్కిపడి బకెట్ దగ్గరికి ఒక్క ఉరుకు ఉరికాడు. బంక కారుతున్న బ్రష్షును పైకి లాగాడు. ముఖం చంటిపిల్లాడిలా వెలిగిపోతోంది.

"ఇందాకటినుంచీ అడగడానికి నోరు రాక చస్తున్నానయ్యా! మొదటి పూత నన్ను పుయ్యనీ. రైలు పెట్టెల్ని ఈ నీళ్ళు దాటించే పడవ ఒకటుండేది. ఈ వంతెన తెరిచిన రోజున ఆ పడవ ఆగిపోయింది. దాని ఆఖరి సరంగును నేనే!"