కింది స్వరం

"రొఫీవా గొట్టం ఇటివ్వమ్మా," అన్నాడు మామయ్య గుమ్మంలో నిలబడి.

దక్షిణాఫ్రికాలో మా వెండా తెగవాళ్లు గుంపుగా ఊదుతూ ఆడే చికోనా ఆటలో మనిషికొక వెదురు గొట్టం, గొట్టానికి ఒకటే స్వరం. అన్నిటికన్నా కింది స్వరం నా మొగుడు రొఫీవాది. వానలకు ముందు బంగారు గని కూలినప్పటినుంచీ అతని జాడ లేదు. అతని వంతు వచ్చినప్పుడల్లా పాటలో ఖాళీ. ఆ ఖాళీ ఉన్నన్నాళ్లూ మనిషి బతికున్నట్టే. గొట్టం ఇంకొకరు ఊదారంటే ఇక ఏడవమని అర్థం.

మామగారి ముందు కోడలు నేలకు వంగి మాట్లాడాలి. నేను వంగలేదు.

"శవం చూపించి అడగండి."

"రేపు ఊరికి కొత్త పెద్ద గద్దెనెక్కుతున్నాడు. పాటలో వెలితి ఉండకూడదట. ఎవరో ఒకరు ఊదాలట."

"కన్న కొడుకే కదా. మీకు నోరెలా వచ్చింది?"

ఆయన లోపలికొచ్చాడు. చూరులోంచి గొట్టం తనే తీసుకుని వెళ్లిపోయాడు. వెనకనుంచి అనరాని మాటలన్నీ అన్నాను.

మర్నాడు పొయ్యి దగ్గరే కూర్చున్నాను. డప్పులు మొదలయ్యేసరికి ఉండబట్టలేక పరిగెత్తాను.

ఆటగాళ్ల వలయంలో మామయ్య ఉన్నాడు. కొడుకు గొట్టం పెదవులకు ఆనించుకుని, వంతు రాగానే బుగ్గలు పొంగించి, అందరిలాగే ముందుకు ఊగుతున్నాడు. దూరంగా గద్దె మీద కొత్త పెద్ద తృప్తిగా తలాడిస్తున్నాడు. ఆ డప్పుల హోరులో అతనికేం తెలుస్తుంది?

నేను ఊపిరి బిగపట్టి విన్నాను. కింది స్వరం రాలేదు. మళ్లీ ఆయన వంతు వచ్చింది. మళ్లీ ఖాళీయే.

అంతమంది జనంలో, అక్కడే, మామయ్య వైపు తిరిగి నేలకు వంగాను.