పసుపువారం మంగళస్నానం

కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్‌ను ఆమ్లంలో ఉడికించి, అమీన్ అనే రసాయనంగా మార్చి, లోకమంతటికీ రంగులు పంచే ఫ్యాక్టరీ పుణ్యమా అని పైడివలస కుళాయిల్లో నీళ్లు కూడా వారానికో రంగులో వచ్చేవి. పంతులుగారు పంచాంగం కంటే ముందు ఫ్యాక్టరీ వారి రంగుల పట్టిక చూసేవారు. గున్నమ్మ కూతురు హేమలత మంగళస్నానం అలాగే పసుపువారంలో కుదిరింది.

తీరా ఆ ఉదయం కుళాయి తిప్పితే నీళ్లకు రంగే లేదు!

"ఓలమ్మా, నీలు పాడైపోనాయి!" అని గున్నమ్మ గుండెలు బాదుకుంది. పేరంటాళ్లు ఆమడదూరం జరిగారు. హేమలత మాత్రం వంగి చూసి, "అమా, గంగాళానికి అడుగు కనిపిస్తందే!" అని మురిసిపోయి, దోసెడు తాగేసింది.

గున్నమ్మ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

"క్షమించాలమ్మా, యంత్రం ఆగింది. మధ్యాహ్నానికి మీ పసుపు నీళ్లు మీకొచ్చేస్తాయి. అమ్మాయిని మా ఆసుపత్రిలో ఓసారి చూపించండి, ఉచితమే" అన్నాడు ఆఫీసరు ఎంతో మర్యాదగా.

"ఇప్పుడే తెత్తన్నాం బాబూ! మీకాడ పన్చేసిన మా ఆయనకి మూత్రం ఎర్రగా పడితే, ఎర్రవారవే గదాని ఊరుకున్నాం. మడిసి దక్కలేదు. ఈపాలి ఆలీసెం సెయ్యం."