లోపలి పట్టికలు

అమ్మ కొడుకు సంచీలో చొక్కాలు సర్దుతోంది. ఒకటి పెట్టడం, కళ్లొత్తుకోవడం, దాన్నే మళ్లీ బయటికి తియ్యడం. హాల్లో అక్కాతమ్ముళ్ల అరుపులకి ఇల్లు దద్దరిల్లుతోంది.

“ఇంకా ఎంతసేపమ్మా ఆ సంచీ?” అక్క కేకేసింది. “పోతానన్నవాణ్ని పోనీ!”

“విన్నావా అమ్మా? నన్ను గెంటేదాకా దీనికి నిద్ర పట్టదు,” అన్నాడు తమ్ముడు.

“నేను గెంటడమెందుకురా? చెయ్యాల్సిందంతా చేసి నువ్వే అలిగావు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది.”

ఇద్దరిదీ ఒకే కంపెనీ. డేటాబేస్ తయారుచేస్తారు. దాని నిర్మాణం మొదట గీసింది అక్క. తర్వాత తమ్ముణ్ని అక్కడ చేర్పించిందీ అక్కే. అందులో జనం దాచుకునే సమాచారమంతా పట్టికల్లో ఉంటుంది. ఏ పట్టికలో ఏముందో, అది ఎక్కడుందో చెప్పే పట్టికలు లోపల ఇంకొన్ని ఉంటాయి. ఆ లోపలి పట్టికల్ని బయటివాళ్లకి ఎలా చూపించాలన్న దాని మీదే ఈ ఇంట్లో నెల్లాళ్లుగా రణరంగం. అమ్మకి ఆ చదువు లేదు గానీ, రోజూ వినీ వినీ సగం వంటబట్టింది.

“వాళ్లడిగారు, చూపించాను. తప్పేంటి?” అన్నాడు తమ్ముడు. “మన సరుకు వాడేవాళ్లే కదా!”

“కిటికీ కట్టానా లేదా? ఏం కావాలన్నా కిటికీ దగ్గర అడిగితే చెప్పే ఏర్పాటు ఉందా లేదా? నువ్వెళ్లి దొడ్డితలుపు తీశావు. వాళ్లు తిన్నగా లోపలికొచ్చి, ఏ గడి ఎక్కడుందో చూసుకుని, దాన్ని నమ్ముకుని ప్రోగ్రాములు రాసుకున్నారు. నిన్న నేను ఒకే ఒక్క గడి పక్కకి జరిపాను. మూడు ఆస్పత్రుల్లో పని ఆగిపోయింది. తిట్లెవరికి? నాకు!”

“అయితే జరపకు! ఎక్కడిదక్కడే ఉంచు.”

“నా ఇంట్లో నేను బీరువా జరపాలన్నా వీధిలోవాళ్లని అడగాలా?” అంది అక్క. “బయటికి కనబడేది ఎప్పుడూ ఒకేలా ఉండాలిరా. రేపూ అదే, ఎల్లుండీ అదే. లోపల ఎన్ని మార్చుకున్నా అడిగేవాడికి తెలియకూడదు. నేను గీసిందంతా దానికోసమే.”

“దాపరికం! చిన్నప్పట్నించీ నీదంతా దాపరికమే. కాల్లో ముల్లు దిగినా నోరు విప్పవు. నాకవన్నీ చేతకావు. ఆ దొడ్డితలుపు మూశావో, ఉద్యోగమూ వద్దు, ఇల్లూ వద్దు. మళ్లీ ఈ గుమ్మం తొక్కితే ఒట్టు!”

సర్దుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. వీళ్ల నాన్న వెళ్లిపోయిన రోజున కూడా మంచం మీద ఇలాగే సంచీ ఉంది. ఇలాగే కేకలు.

చేతిలో చొక్కాతోనే హాల్లోకొచ్చి కూతురి మీద విరుచుకుపడింది.

“ఒసేయ్, నీకు మనసనేది ఉందా? ఆ మాయదారి పట్టికలు తమ్ముడికంటే ఎక్కువయ్యాయా? చిన్నవాడు, వాడి మాట నెగ్గితే నీ సొమ్మేం పోయింది? నువ్వంటే రాయివి, తట్టుకుంటావు. వాడు తట్టుకోలేడు.”

“తప్పు నాదా అమ్మా?”

“తప్పొప్పులు నాకెందుకు? వాడు పోతే నేను బతకను. అది చూసుకో!”

అక్క తల్లి వంక చూసింది. ఎర్రబడ్డ ముఖం మెల్లిగా మామూలైంది. రోజూ ఉండే ముఖమే.

“సరేనమ్మా. వాడి మాటే కానీ,” అంది. తమ్ముడివైపు తిరిగి, “లోపలి పట్టికల మీద నాకున్న అధికారమంతా ఇవాళే నీ పేరుకి మార్చేస్తా. తలుపు తీసుకుంటావో, గోడలే పడగొట్టుకుంటావో నీ ఇష్టం.”

“ఇప్పటికి దారికొచ్చావు,” అని గొణిగాడు తమ్ముడు. అయినా మొండిఘటం, సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. సంచీ సర్దించుకున్నాక ఆగితే పరువేం కాను? అమ్మ కాళ్లకి చెప్పులైనా లేకుండా వీధి చివరిదాకా బతిమాలుతూ వెంటపడింది. వాడు వెనక్కి తిరగలేదు.

ఆమె ఇంటికొచ్చేసరికి అక్క ఆఫీసుకి తయారై ఉంది. ఆరిన బట్టలు మడతపెట్టేసింది. పాలగిన్నె కడిగి బోర్లించింది. తన దగ్గరుండే తాళంచెవి గుమ్మం పక్క మేకుకి తగిలించింది.

“వాడొస్తే పనికొస్తుంది. వాడిది ఎప్పుడో పారేసుకున్నాడుగా.”

“వాడు రాడే! నీ పుణ్యమా అని నా కొడుకు ఇక రాడు! నీ కడుపు చల్లబడిందా?”

“వస్తాడులేమ్మా. వాడి సంగతి నాకు తెలుసు.” రోజూలాగే చేతిసంచీ తగిలించుకుంది. రోజూలాగే గుమ్మంలో ఆగి, “వెళ్లొస్తా,” అంది.

అమ్మ కోపంతో ముఖం తిప్పుకుంది.

పగలంతా గుమ్మంలోనే కూచుంది. వీధిలో ఏ బండి ఆగినా లేచి చూసింది. ముద్ద ముట్టలేదు. కూతుర్ని నోరారా తిట్టుకుంది. పొద్దు వాలుతుండగా మలుపు దగ్గర సంచీ కనబడింది, దాని వెనక తలొంచుకుని కొడుకు.

“బస్సులు లేవు,” అన్నాడు నేల చూపులు చూస్తూ. “ఆకలేస్తోందమ్మా.”

అమ్మ వాడి వీపు మీద నాలుగు అంటించి, ఆ వీపునే పట్టుకుని భోరుమంది. సంచీ విప్పి చొక్కాలన్నీ మళ్లీ బీరువాలో పెట్టింది. ఖాళీ సంచీని కసిగా అటక మీదకి విసిరేసింది. అమ్మయ్య, గండం గడిచింది అనుకుంటూ మూడు కంచాలు వేసింది.

ఆ గురువారం ఆఫీసుకి వెళ్లిన అక్క మళ్లీ తిరిగి రాలేదు.